నూట ఎనభై మీటర్లు

సర్వే ఆఫీసు, పడమటి వైపు
కాల్పుల విరమణ ముప్పయ్యో రోజు

గుండూ,

మీ అక్క పోయి ఇవాళ్టికి వారం. కబురు ఆ సాయంత్రమే నీకు చేరిందని శాంతి దళం బండి డ్రైవరు చెప్పాడు. మర్నాడే అంత్యక్రియలు చేసేశాం. నువ్వు రావడానికి అనుమతి అడిగాను. గురువారం తప్ప గేటు తెరవబోమన్నారు. గురువారం దాకా ఉంచే వీలు లేదు.

ఎలా జరిగిందో నీకు తెలియాలి. ఆ రోజు తొమ్మిదికి నీ దగ్గరికి వచ్చింది. అక్కడున్న మూడు గంటలూ నీకు తెలిసినవే. తిరుగు వరసలో నలభై మంది ఉన్నారు. రెండు సైన్యాల మధ్య పట్టీ దాటింది. మా వైపు గేటులో సంతకం పెట్టింది. పన్నెండు నలభై అని రిజిస్టరులో ఉంది. అక్కడినుంచి మూసేసిన బస్సు డిపో గోడ పక్కగా నడిచి వస్తోంది. నేను గోడ చివర నిలబడి ఉన్నాను. ఒక్క తూటా. రెండోది లేదు. ఆమె ఆగడం నాకు కనిపించింది. చెప్పు తెగిందనుకున్నాను.

శాంతి దళం సార్జంటు వచ్చాడు. టోపీ తీసి నిలబడ్డాడు. కొలిచాడు, రాసుకున్నాడు. రిపోర్టు నకలు నిన్న నా చేతికి ఇచ్చారు. అది వాళ్ళ భాషలో ఉంది. నువ్వు వాళ్ళ కాపలా పోస్టులో దుబాసీగా చేస్తున్నావు గనక నీకే పంపుతున్నాను. ఏ గడిలో ఏముందో రాయి. మెత్తబరచకు.

అత్తయ్య తుంటి ఎలా ఉంది? కదలనివ్వకు.

మీ బావ

*

అద్దకాల వీధి, తూర్పు వైపు
ముప్పై ఏడో రోజు

బావా,

మెత్తబరచొద్దన్నావు. ఉన్నదున్నట్టు రాస్తున్నా.

బాధితుల సంఖ్య: ఒకటి. స్త్రీ. ఆయుధం: రైఫిలు. కాల్పులు వచ్చిన దిశ: నిర్ధారించబడలేదు. స్థలం: మధ్య పట్టీకి వెలుపల, పడమరగా నూట నలభై మీటర్లు. చర్య: పట్టీకి వెలుపల జరిగినందున కాల్పుల విరమణ ఉల్లంఘన కాదు. స్థానిక పోలీసులకు తెలియజేయవలెను.

అంతే. స్థానిక పోలీసులంటే ఎవరో నాకు తెలీదు. మా వైపు స్టేషన్లో ఇప్పుడు సైన్యం బూట్లు ఆరేసుకుంటోంది. మీ వైపేమైనా మిగిలారా?

ఉల్లంఘన కాకపోతే ఏమవుతుందని మా పోస్టు శాంతి దళం కెప్టెన్ని అడిగా. ఉల్లంఘన అయితే విరమణ కమిషన్ ముందుకు పోతుందట, రెండు సైన్యాల్నీ కూర్చోబెట్టి విచారిస్తారట. కాకపోతే ఫైల్లో ఉంటుందట. 'ఫైలు చాలా భద్రంగా ఉంటుంది' అని కూడా అన్నాడు పాపం.

ఈయన్ని మా వీధిలో 'వాతావరణం' అని పిలుస్తారు. రోజూ రిపోర్టు అక్కణ్ణుంచే మొదలెడతాడు. 'ఆకాశం నిర్మలం, గాలి స్వల్పం, ఉల్లంఘనలు నాలుగు.' ఆయన కింద పదిమంది మనుషులున్నారు. ఎవరి దేశం వాళ్ళది, ఎవరి బాధ వాళ్ళది. ఇస్త్రీ పిన్ని వాళ్ళ చొక్కాలు ఇస్త్రీ చేస్తూ, 'ఇంత మంచి గుడ్డ వేసుకుని ఏం చేస్తార్రా మీరు?' అని అడుగుతుంది. నేను వాళ్ళ భాషలోకి తిప్పి చెప్పను.

నిజానికి ఏమీ చెయ్యరు బావా. కాల్చే హక్కు లేదు. చూస్తారు, రాస్తారు. కానీ వాళ్ళ జెండా మా వీధి మొదట్లో ఉన్నంతకాలం మా సైన్యం లోపలికి రాదు. మా సైన్యం రాకపోతే మీ సైన్యం ఇటు కాల్చదు. చేలో దిష్టిబొమ్మ మాత్రం ఏం చేస్తుంది? ఉంటుంది, అంతే. విరమణకి ముందు మా సైన్యంవాళ్ళు ఇంటింటికీ గోడలు పగలగొట్టి దారి చేసుకున్నారు కదా, ఇప్పుడు పిన్ని ఆ కన్నంలోంచే మా వంటింట్లోకి వచ్చి అగ్గిపెట్టె అడుగుతోంది. ఇలా ఉంది మా శాంతి.

అమ్మకి చెప్పేశాం. ఏడవలేదు. అక్క చేసి తెచ్చిన కొత్త కళ్ళజోడు పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ ఉంటుంది. అక్కడ చూడ్డానికేముంది, కెప్టెన్ బనియన్లు తప్ప.

నువ్వు తింటున్నావా?

గుండు

*

సర్వే ఆఫీసు, పడమటి వైపు
నలభై నాలుగో రోజు

గుండూ,

తింటున్నాను.

నూట నలభై మీటర్లు అన్న అంకె నాకు మింగుడుపడలేదు. శనివారం మా అటెండరును వెంటబెట్టుకుని టేపు తీసుకుని వెళ్ళాను. కాపలా సిపాయి ఏం కొలుస్తున్నారని అడిగాడు. డిపో అన్నాను. "అయితే బస్సులు వస్తాయా?" అన్నాడు. కొలత అయితేగాని చెప్పలేనన్నాను. పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

గేటు నుంచి ఆమె పడిన చోటికి నూట నలభై సరిగానే ఉంది. కొలతలో తప్పు లేదు. గేటే తప్పుచోట ఉంది.

నీకు అర్థమయ్యేలా చెప్తాను. ఒప్పందంలోని పట్టీని మా ఆఫీసు పాత పటం మీద గీశారు. ఆ పటంలో అంకెలన్నీ గుట్ట మీది సర్వే రాయి నుంచి మొదలవుతాయి. శాంతి దళం వాళ్ళు చేతిలో పట్టుకు తిరిగే పరికరం ఉపగ్రహాల నుంచి లెక్క తీస్తుంది. దాని మొదలు వేరు. ఒకదాని అంకెలు తీసి రెండోదానిలో నేరుగా వేస్తే గుర్తు నూట ఎనభై మీటర్లు తూర్పుకు పోతుంది. మా ఆఫీసులో కొత్తగా చేరినవాడికి మొదటి వారంలోనే ఈ సంగతి చెప్తాం. వీళ్ళకు చెప్పేవాళ్ళు లేరు. మమ్మల్ని ఎవరూ పిలవలేదు. గేట్లు, ముళ్ళకంచెలు, పోస్టులు అన్నీ ఆ తప్పు అంకెల మీదే పాతారు. ఎక్కడా అజాగ్రత్త లేదు. ఎంతో శ్రద్ధగా తప్పు చేశారు.

అసలు పట్టీ ఇప్పుడున్నదానికి నూట ఎనభై మీటర్లు పడమరగా ఉండాలి. అప్పుడు దాని అంచు డిపో గోడ దాటి ఇవతలికి వస్తుంది. మీ అక్క పడింది పట్టీ లోపల, నలభై మీటర్లు. అంటే అది ఉల్లంఘన.

ఈ లెక్క కమిషన్‌కు రాసి ఇవ్వాలి. నాలుగుసార్లు సరిచూశాను. ఇరవై ఆరేళ్ళుగా ఊరందరి హద్దులూ కొలిచాను. నా ఇంటికి పనికొచ్చిన కొలత ఇదొక్కటే.

ఆమె కుర్చీ మీద ఉతికిన బట్టలు పేరుకున్నాయి. మడత పెట్టాలి.

మీ బావ

*

అద్దకాల వీధి, తూర్పు వైపు
యాభై ఒకటో రోజు

బావా,

నీ ఉత్తరం పోస్టులోనే చదివి బల్ల మీద ఒక్క గుద్దు గుద్దా. కెప్టెన్ ఉలిక్కిపడి ఆకాశం వైపు చూశాడు. ఇన్నాళ్ళకి వీళ్ళ తప్పొకటి మన చేతికి చిక్కిందని సంతోషమేసింది.

తర్వాత గోడ మీది పటం దగ్గరికి వెళ్ళి దారం పెట్టి నీ నూట ఎనభై కొలిచా. బావా, పట్టీ తూర్పు అంచు ఇప్పుడు మా వీధి వెనకుంది. అది పడమరకి జరిగితే మా వీధి వీధంతా బయటపడుతుంది. మా ఇల్లు అంచుకి తొంభై మీటర్లు బయట. పోస్టు మా వీధి మొదట్లోంచి లేచి పాత కలప అడితిలోకి పోతుంది.

కెప్టెన్ని మాటవరసకి అడిగినట్టు అడిగా.

'పటంలో తప్పుందని తేలితే ఏం చేస్తారు?'

'సరిచేస్తాం.'

'సరిచేస్తే మా వీధి బయటపడుతుందనుకోండి.'

'పడితే బయటే.'

'అప్పుడు సైన్యం లోపలికొస్తే?'

'బయట జరిగేది నా పని కాదు.'

'తప్పు తేలకపోతే?'

ఆయన కలానికి మూత పెట్టేశాడు. 'రాతపూర్వకంగా రానిది నాకు తెలియదు' అన్నాడు. మంచోడే బావా.

మా సైన్యంవాళ్ళు సందు చివర ఇసక బస్తాలేసుకుని కూర్చుని ఉన్నారు. గోడల్లో కన్నాలు ఎక్కడెక్కడున్నాయో నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. దారి ఇస్తే పూటలో వస్తారు. అమ్మ పడుకునే గది కిటికీ సరిగ్గా మీ వైపుకి తెరుచుకుంటుంది. వాళ్ళకి కావాల్సింది అలాంటి కిటికీయే.

అక్క చావు లెక్కలోకి రావాలని నాకు మాత్రం లేదనుకోకు. ఆ రిపోర్టు నా నోటితో చదివినవాణ్ణి. కానీ అక్క పోయింది. అమ్మ ఉంది. తుంటి అతుక్కోవాలంటే ఇంకో రెండు నెలలు మంచం కదపకూడదన్నాడు డాక్టరు. ఆ రెండు నెలలు ఆగు. కాగితం ఇవ్వకు. తర్వాత ఇద్దువుగాని, నేనే తర్జుమా చేసి పెడతా.

ఇంతకుముందు నిన్నేమీ అడగలేదు. ఇది అడుగుతున్నా.

గుండు

*

సర్వే ఆఫీసు, పడమటి వైపు
యాభై ఎనిమిదో రోజు

గుండూ,

నీ ఉత్తరం అందింది. కాగితం ఇంకా ఇవ్వలేదు. ఆలోచిస్తాను.

ఇక్కడ అంతా మామూలుగానే ఉంది. ఆఫీసుకు నేనూ అటెండరూ వస్తున్నాం. మిగతావాళ్ళ బల్లల మీద దుమ్ము తుడిపిస్తున్నాను. ఎవరి భూమి ఎవరిదో అడగడానికి ఎవరూ రావడం లేదు. పాత పటాలు ఎండకు పెట్టి, మళ్ళీ చుట్టి, గుడ్డ సంచుల్లో పెడుతున్నాం. అటెండరు నాతో మాట్లాడడం తగ్గించాడు. ఏదన్నా అంటే నేను బాధపడతానని భయం. నిన్న మాత్రం, "సార్, మీ చొక్కా గుండీ పైది కిందికి పెట్టారు" అన్నాడు.

బట్టలు మడత పెట్టాను. అరగంట పట్టింది. ఆమె అయిదు నిమిషాల్లో చేసేది. కళ్ళద్దాలు సానబట్టే చేతులకు అంత వేగం ఎలా వచ్చిందో ఎప్పుడూ అడగలేదు.

ఏదైనా చోటు ఎంత దూరం అని అడిగితే నేను రెండు వందల పది మీటర్లు, నాలుగు వందలు, అలా చెప్పేవాణ్ణి. "నడవగలనా లేదా, అది చెప్పండి చాలు" అనేది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి, పోయే ముందు వారం ఒకసారి.

నువ్వు అడిగింది సబబుగానే ఉంది. అత్తయ్యను జాగ్రత్తగా చూసుకో.

మీ బావ

*

అద్దకాల వీధి, తూర్పు వైపు
అరవై అయిదో రోజు

బావా,

ఇవ్వలేదన్నావు. సరే.

అమ్మ కాలి వేళ్ళు ఆడిస్తోంది. దిండ్లు ఎత్తుగా పెడితే కూర్చోగలుగుతోంది. కెప్టెన్ ఉద్యోగం ఆయనకంటే తనే బాగా చేస్తానంటోంది. కిటికీలోంచి పొద్దుట్నుంచీ ఎన్ని కాల్పులు వినపడ్డాయో లెక్కపెట్టి చెప్తోంది. ఆయన కాగితంలో నాలుగుంటే ఈవిడ లెక్కలో పదకొండు.

ఇంకేం రాయాలో తోచడం లేదు. నీకేమైనా రాయాలనిపిస్తే రాయి. ఏదైనా సరే.

గుండు

*

అద్దకాల వీధి, తూర్పు వైపు
డెబ్బై రెండో రోజు

బావా,

ఈ గురువారం శాంతి దళం తెచ్చిన సంచీలో నీ ఉత్తరం లేదు.

సోమవారం కమిషన్ ఉత్తర్వు వచ్చింది. మా వీధికి ఇంకో రెండు లైట్లు వెయ్యమని నెలన్నర కిందట అడిగాం, దానికి ఇంకా జవాబు లేదు. ఇది మాత్రం తీర్మానమైన తొమ్మిది రోజులకే చేతికొచ్చింది. సాంకేతిక సవరణ. పట్టీ నూట ఎనభై మీటర్లు పడమరకి. పోస్టు ఖాళీ చెయ్యడానికి అయిదు రోజుల గడువు.

వీధిలో చదవమని మైకు నా చేతికే ఇచ్చారు. 'అద్దకాల వీధి నివాసులకు తెలియజేయడమేమనగా' అని మొదలెట్టా. ఇస్త్రీ పిన్ని పెట్టె చేత్తో పట్టుకునే బయటికొచ్చింది.

'ఏరా గుండూ, ఇది నువ్వు చెప్తున్నావా, వాళ్ళు చెప్తున్నారా?'

'వాళ్ళే పిన్నీ.'

'మరి నువ్వేమంటావు?'

'నాకు అనే పని లేదు. తిప్పి చెప్పడమే.'

'అయితే నా మాట కూడా తిప్పి చెప్పు. మేం ఎక్కడికి పోవాలో అడుగు.'

అడిగా. కెప్టెన్ ఉత్తర్వు అటూ ఇటూ రెండుసార్లు తిరగేసి, అందులో ఆ విషయం లేదన్నాడు.

'ఏమంటాడ్రా?'

'లేదంటున్నాడు.'

'అంతసేపు చదివి అంత ముక్కేనా? మిగతాది నువ్వు మింగావా?' అంది. అందరూ నవ్వారు. నవ్వుకుంటూనే సామాను సర్దుకోడానికి లోపలికెళ్ళారు. సర్దుకుని ఎక్కడికో తెలీక మళ్ళీ గుమ్మాల్లో కూర్చున్నారు.

పోస్టు సామాను కట్టిస్తూ మధ్యలో కెప్టెన్ అమ్మ మంచం దగ్గరికి వచ్చాడు. ఏం మాట్లాడాలో తెలీక సాయంత్రం వాన పడొచ్చన్నాడు. తిప్పి చెప్పా. 'పడనీ' అంది అమ్మ.

వీధి పూర్తిగా ఖాళీ చేస్తే మా సైన్యం ఇంకా సులువుగా వస్తుంది. ఖాళీ చెయ్యకపోతే అడ్డం వస్తున్నామంటుంది. అమ్మని మీ వైపు ఆసుపత్రికి తేవడానికి ఏదన్నా అనుమతి దొరుకుతుందేమో కనుక్కో బావా. తొందరగా.

గుండు

*

సర్వే ఆఫీసు, పడమటి వైపు
డెబ్బై తొమ్మిదో రోజు

గుండూ,

వైద్య కారణం మీద దాటించే అనుమతికి మూడు సంతకాలు కావాలి. శాంతి దళం పెట్టింది. మా వైపు సైన్యం, నాలుగు రోజులు తిప్పుకుని, పెట్టింది. మీ వైపు సైన్యం ఫారం వెనక్కి పంపింది. 'సదరు వీధిలో పౌరులు ఎవరూ నివసించడం లేదు' అని రాసి ఉంది. అత్తయ్య అక్కడ ఉందని రుజువు చేస్తే మళ్ళీ పరిశీలిస్తారట. రుజువు అంటే ఏమిటని అడిగాను. స్థానిక అధికారి ధ్రువపత్రం అన్నారు. అధికారి ఎవరని అడిగాను. సైన్యమే అన్నారు.

శాంతి దళం అంబులెన్సు పట్టీ అంచు దాకా వస్తుంది. అంచు దాటి రాదు. మళ్ళీ అర్జీ పెట్టాను.

అందాకా మంచం వంటింట్లోకి మార్చు. పడమటి గోడకూ ఆమెకూ మధ్య ఇంకో గోడ ఉండాలి. మంచం నేల మీద కాకుండా ఇటుకల మీద ఉంటే దించు. తల తూర్పు వైపు పెట్టు.

మీ బావ

*

కలప అడితి, మధ్య పట్టీ
ఎనభై ఆరో రోజు

బావగారూ,

మీరు చెప్పిన జాగ్రత్తలు అందాయి. వాటి అవసరం అంతకు ముందే తీరిపోయింది.

డెబ్బై నాలుగో రోజు పోస్టు వెళ్ళింది. ఆ మధ్యాహ్నమే మా సైన్యం కన్నాల్లోంచి ఇళ్ళల్లోకి వచ్చింది. మర్యాదగానే వచ్చారు. 'అమ్మా, కొంచెం జరగాలి' అన్నారు. జరగలేని మనిషి. వాళ్ళే మంచం ఎత్తి వంటింట్లో పెట్టి, గదిలో కిటికీకి తుపాకీ పెట్టుకున్నారు. మీ సైన్యం కొత్త హద్దు ప్రకారం వెనక్కి జరగాలి. జరగలేదు. మా వాళ్ళు ముందుకి రావచ్చు గనక వచ్చారు.

డెబ్బై ఏడో రోజు మూడూ ఇరవైకి మీ వైపు నుంచి కొట్టారు. నేను అడితిలో, పోస్టులో ఉన్నా. మా ఇంటి మీద దుమ్ము లేవడం కనిపించింది. స్ట్రెచరు, ఇద్దరు మనుషులు కావాలని కెప్టెన్ని అడిగా. ఆయన దుర్భిణి దించలేదు. 'బయట' అన్నాడు. ఆ ఒక్క మాటని నేను ఎవరికి తిప్పి చెప్పాలి? టైము రాసుకున్నాడు. టైము సరిగ్గానే రాశాడు.

పరిగెత్తా. నేనూ పిన్నీ తలుపు ఊడబీకి, అమ్మని దానిమీద పెట్టి, మోసుకుంటూ వచ్చాం. దారిలో రెండుసార్లు దించాల్సి వచ్చింది. పిన్నికి చేతకాలేదు. పట్టీ అంచు దాటగానే వాళ్ళు ఎదురు పరిగెత్తుకొచ్చారు. డాక్టరు, సెలైను, దుప్పటి, అన్నీ ఉన్నాయి. ఏ లోటూ చెయ్యలేదు. అప్పటికే అమ్మ లేదు.

వీధిలో అయిదుగురు పోయారు. మిగతావాళ్ళు తలోదారీ పట్టారు.

ఇంతే.

గుండు

*

సర్వే ఆఫీసు, పడమటి వైపు
తొంభై మూడో రోజు

గుండూ,

అత్తయ్య గురించి ఏమీ రాయలేను.

నీకు చెప్పవలసింది ఉంది. కాగితం నలభై ఏడో రోజునే ఇచ్చాను. నీ ఉత్తరం యాభై ఒకటో రోజున వచ్చింది. కమిషన్ కూర్చున్నది అరవయ్యో రోజున. మధ్యలో తొమ్మిది రోజులున్నాయి. వెనక్కి తీసుకోవడానికి ఒక సంతకం చాలు.

యాభై రెండో రోజున వాళ్ళ ఆఫీసుకు వెళ్ళాను. గుమాస్తా ఏం పని అన్నాడు. రశీదు కోసమన్నాను. "ఇచ్చాను కదండీ" అన్నాడు. అవునన్నాను. బెంచీ మీద గంట కూర్చుని ఇంటికి వచ్చాను. తర్వాత నీకు ఇవ్వలేదని రాశాను.

మీ వీధి సంగతి అప్పటికి నాకు తెలుసు. నువ్వు దారంతో కొలిచినదాన్ని నేను స్కేలుతో కొలిచాను. తొంభై కాదు, ఎనభై ఎనిమిది. తెలిసే ఊరుకున్నాను. రిపోర్టులో 'కాదు' అని ఉన్నచోట 'అవును' అని ఉండాలి. నాకు అంతకు మించి ఏమీ కనిపించలేదు.

ఆ మాట వచ్చింది. ఉల్లంఘన నంబరు తొంభై రెండు. విచారణ పదకొండు నిమిషాలు జరిగింది. నన్ను లోపలికి పిలవలేదు. తలుపు అద్దంలోంచి చూశాను. కాల్పుల దిశ నిర్ధారణ కాలేదు కాబట్టి రెండు సైన్యాలకూ ఒకే నిరసన లేఖ ఇచ్చారు. ఇద్దరూ సంతకం పెట్టి తీసుకున్నారు. ఒకతను దాన్ని మడిచి టీ గ్లాసు కింద పెట్టాడు.

మా సైన్యాన్ని వెనక్కి జరగమని మూడుసార్లు రాశారట. జరగలేదు. మీ సైన్యాన్ని ముందుకు రావద్దని చెప్పే అధికారం వాళ్ళకు లేదు. వాళ్ళ మాట వినేది వాళ్ళ పోస్టు ఒక్కటే. దాన్ని కదిపారు. కదపడానికి కావలసిన లెక్క నేను ఇచ్చాను.

క్షమించమని అడగడం లేదు. ఎవరు చేశారో నీకు తెలియాలి.

మీ బావ

*

కలప అడితి, మధ్య పట్టీ
వందో రోజు

బావా,

నాకు యాభై మూడో రోజునుంచీ తెలుసు.

ఆ వారం కమిషన్ దుబాసీకి జ్వరం. వాళ్ళ కాగితాల కట్ట మా పోస్టుకి పంపారు. మూడోది నీ అర్జీ. నీ చేతిరాత చూడగానే పోల్చుకున్నా.

ఒక్క అంకె మారిస్తే సరిపోయేది. నూట ఎనభై అన్నచోట పద్దెనిమిది అని రాస్తే అక్క బయటే ఉండిపోయేది, పోస్టు మా వీధిలోనే ఉండిపోయేది. పట్టుకునేవాళ్ళు లేరు. మొత్తం కట్ట పోయిందన్నా నమ్మేవాళ్ళు. కెప్టెన్ బయట చొక్కాలు లెక్కపెట్టుకుంటున్నాడు. చేతిలో కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నా.

నువ్వు మూడు పేజీలు రాశావు. అందులో 'మృతురాలు' అని తొమ్మిదిసార్లుంది. ఆవిడ నీకేమవుతుందో ఎక్కడా లేదు. వాళ్ళు చదివితే ఏదో స్థలం తగాదా అనుకుంటారు. అందుకని మొదటి వాక్యంలో నేనొక మాట చేర్చా, మృతురాలు ఈ అర్జీదారు భార్య అని. చేర్చాక అంకె మార్చలేకపోయా. మొత్తం శుభ్రంగా తిప్పి, కింద సంతకం పెట్టి, ఆ సాయంత్రమే పంపా. ఇంటికెళ్ళి అమ్మకి దిండ్లు సర్దా.

తర్వాత ఇవ్వలేదని నీ ఉత్తరం వచ్చింది. చెప్తావేమోనని రెండు వారాలు చూశా. నేనూ చెప్పలేదు.

పిన్ని నిన్న అంచు దగ్గరికొచ్చి, 'ఆ తప్పు ఎవడు కనిపెట్టాడ్రా?' అని అడిగింది. తెలీదన్నా.

ఇవాళ విరమణకి వంద రోజులు నిండాయి. మొత్తమ్మీద అది అమల్లోనే ఉందని కమిషన్ ప్రకటన ఇచ్చింది. పొద్దున్న దాన్ని మన భాషలోకి తిప్పింది నేనే. అదే ఆఖరి పని. రేపట్నుంచి రానక్కర్లేదన్నారు. కొత్త పోస్టుకి దుబాసీతో అవసరం లేదట. చుట్టుపక్కల మాట్లాడే మనుషులు లేరు.

గుండు